ఏరితే ఒక రేటు, ఏరకపోతే ఒక రేటు: ఒక గరాజ్‌లోని 26 వేల స్పోర్ట్స్ కార్డులు ఎలా అమ్మామంటే

ముందు లెక్క చెప్పేస్తా, తర్వాత కథ. గంపగుత్తగా 300 డాలర్లకి వెళ్ళిపోవాల్సిన స్పోర్ట్స్ కార్డుల్ని (ఆటగాళ్ళ ఫోటోలతో అచ్చేసే, జనం సేకరించుకునే కార్డులు) ఒక గరాజ్ సేల్‌లో, రెండు కార్డ్ షోల్లో కలిపి 2,301 డాలర్లకి అమ్మాం. అమ్మకాలకే నాలుగు నెలలు పట్టింది. ఖర్చులు 415 పోయాయి. ఇందులో నేను ఏం చేశాను, ఎక్కడ తప్పు చేశాను, ఎంత టైమ్ పోయింది, అన్నీ రాస్తున్నా, ఎందుకంటే ఇక్కడ మనవాళ్ళ పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ కార్డుల్లో పడ్డారు, తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఇందులో నిజంగా డబ్బుందా అండీ" అని.

నేను ఉండేది డాలస్ పక్కన. పగలు ఐటీ ఉద్యోగం, ఆరేళ్ళుగా వీకెండ్స్‌లో కార్డ్ షోల్లో టేబుల్ పెట్టి అమ్ముతున్నా. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి, హెచ్‌వన్‌బీ మీద ఉన్నన్నాళ్ళు నేను షోలకి కొనుక్కోవడానికే వెళ్ళాను, టేబుల్ తీసుకోలేదు, గ్రీన్‌కార్డ్ వచ్చాకే మొదలుపెట్టా. వీసా మీద ఉండి వారం వారం అమ్మకం పెట్టుకుంటే అది వ్యాపారం కిందకి వస్తుంది, ముందు మీ లాయర్ని అడగండి, 200 డాలర్ల కోసం స్టేటస్ పాడుచేసుకోవద్దు.

సరే, ఇక అసలు కథ. పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ మా తలుపు కొట్టింది. భర్త పోయి ఏడాదిన్నర. గరాజ్ నిండా ఆయన కార్డులు. ఎవరో కొనేవాడు వచ్చి మొత్తానికి 300 ఇస్తానన్నాడట, ఇచ్చేయనా అని అడిగింది. మా అబ్బాయికి 14 ఏళ్ళు, వాడూ నేనూ వెళ్ళి చూశాం. 3,200 కార్డులు పట్టే పెద్ద పెట్టెలు 6, 800 పట్టేవి 9, నాలుగైదు బైండర్లు, పై అరలో ఒక చెప్పుల డబ్బా. నిండుగా ఉన్నాయనుకుంటే 26 వేలకి పైనే.

మొదటి పెట్టె తీయగానే 1987 టాప్స్ బేస్‌బాల్ కార్డులు (టాప్స్, డాన్‌రస్, ఫ్లీర్ అన్నీ కార్డులు అచ్చేసే కంపెనీల పేర్లు), ఆ చెక్క రంగు అంచు దూరం నుంచే తెలిసిపోతుంది. రెండోది 1988 డాన్‌రస్, మూడోది 1990 ఫ్లీర్. ఇది చూడగానే నాకు సగం అర్థమైపోయింది. 1980ల చివరి నుంచి 1990ల మొదటి దాకా వచ్చిన కార్డుల్ని ఇక్కడ జంక్ వ్యాక్స్ అంటారు, దాదాపు విలువ లేనివని. పాత కార్డులకి రేటు ఎందుకొచ్చింది? వాటిని పిల్లలు సైకిల్ చక్రాల్లో పెట్టి అరగదీశారు, అమ్మలు చెత్తలో పడేశారు, 1952 టాప్స్‌లో అమ్ముడుపోని పెట్టెల్ని 1960లో సముద్రంలో పడేయించానని టాప్స్‌లో పనిచేసిన సై బెర్గర్ స్వయంగా చెప్పాడు. అదే 1952 సెట్‌లోని బేస్‌బాల్ దిగ్గజం మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 12.6 మిలియన్ డాలర్లకి పోయింది. ఆ పాత కార్డుల రేట్లు చూసి 1987లో జనం ఏం చేశారంటే, కొన్నవన్నీ జాగ్రత్తగా ప్లాస్టిక్‌లో దాచిపెట్టుకున్నారు, కంపెనీలు ఎంత అడిగితే అంత అచ్చేశాయి, ఇక అందరి గరాజ్‌లోనూ అవే ఉంటే కొనేదెవరు.

కానీ 300 ఇస్తానన్న ఆ మనిషి ఊరికే అనలేదు కదా, 26 వేల జంక్ వ్యాక్స్‌కే అయితే 300 కూడా ఎక్కువే. అతను ఏదో చూశాడు.

రైతుబజార్‌లో బెండకాయలు ఏరుకుంటే ఒక రేటు, ఏరకుండా తూకం వేస్తే ఒక రేటు. కొనేవాడు ఏరుకుని పోయాక తట్టలో మిగిలేవి ముదురువి. కార్డులూ అంతే, ఈ వ్యాపారంలో డబ్బు ఉన్నదంతా ఆ ఏరడంలోనే ఉంది, ఎవరు ఏరితే వాళ్ళకే ఆ డబ్బు. అందుకని ఆవిడతో చెప్పిన మొదటి మాట, మేం ఏరే దాకా ఎవర్నీ గరాజ్‌లోకి రానివ్వద్దు, ఒక్క పెట్టె కూడా తెరిచి చూపించొద్దు అని.

రెండోది, నేను ఒక్క కార్డు కూడా కొననని చెప్పాను. ఇది చాలా ముఖ్యం అనుకుంటా. విలువ చెప్పేవాడే కొనేవాడైతే, ఎంత మంచివాడైనా నోట్లోంచి వచ్చే రేటు కొంచెం తగ్గే వస్తుంది. ఖర్చులు ముందు తీసేసి మిగిలినదాంట్లో 80 శాతం ఆవిడకి, 20 నాకు అని ఒక నోట్‌బుక్‌లో రాసుకుని ఇద్దరం సంతకం పెట్టాం. 10 డాలర్లు దాటే ప్రతి కార్డుకీ ముందూ వెనకా ఫోటో తీసి ఆవిడకి పంపాం.

ఏరడానికి ఐదు వారాలు పట్టింది. చెప్పుల డబ్బాలోవి ఆయన చిన్నప్పటివి, 1968, 1969 టాప్స్ బేస్‌బాల్, 340 కార్డులు. 1968 టాప్స్ అంచు గోనెపట్టా నేతలా ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు. కొన్నింటి వెనక బబుల్‌గమ్ మరక, మైనంలా మెరుస్తూ. మన చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో క్రికెటర్ల కార్డులు వచ్చేవి కదా, అదే ఆనందం ఇక్కడ ఇంకో తరం వాళ్ళది. మా అబ్బాయి ఒకటి తీసి "నాన్నా, ఇందులో ఇద్దరున్నారు" అన్నాడు. చూస్తే మెట్స్ టీమ్ రూకీ స్టార్స్ కార్డు, 177 నంబరు, ఎడమ పక్క జెర్రీ కూస్‌మన్, కుడి పక్క నోలన్ రయన్, తర్వాత చాలా పెద్ద పేరు తెచ్చుకున్న పిచర్. రూకీ కార్డు అంటే ఆటగాడు కొత్తగా వచ్చినప్పటి మొదటి కార్డు, రయన్‌ది అదే. ఒక మూల మెత్తబడిపోయింది, పైన సన్నగా ఒక మడత గీత, లైట్ కింద వంచి చూస్తే తప్ప కనపడదు. 300 ఇస్తానన్న మనిషి పై అర దాకా వెళ్ళాడన్నమాట.

ఇంకా 1969 మాంటిల్, 500 నంబరు, ఆడే రోజుల్లో టాప్స్ అతనికి వేసిన చివరి కార్డు. జానీ బెంచ్ రూకీ, మధ్యలో మడత. అప్పటి పెద్ద స్టార్లు విల్లీ మేస్, హాంక్ ఆరన్. రాబర్టో క్లెమెంటే, ఆ రోజుల్లో టాప్స్ ఆయన పేరు బాబ్ అని అచ్చేసేది. పెద్ద పెట్టెల్లోంచి కూడా కొన్ని దొరికాయి, 1989 అప్పర్ డెక్ కంపెనీ కెన్ గ్రిఫీ జూనియర్ కార్డులు 3, 1989 స్కోర్ కంపెనీ అమెరికన్ ఫుట్‌బాల్ కార్డుల్లో బారీ శాండర్స్ రూకీలు 3, ట్రాయ్ ఐక్‌మన్ రూకీలు 4. ఆ కాలం వాటిలో 1989 స్కోర్ ఫుట్‌బాల్‌ని మాత్రం జంక్ అని పక్కన పెట్టకండి.

ఇక జోర్డన్ సంగతి. ఇది రాయడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఆవిడ మొదటి రోజే ఒక ఫ్రేమ్ చూపించింది, 1986 ఫ్లీర్ మైఖేల్ జోర్డన్, 57 నంబరు. 2021 జనవరిలో కండిషన్‌కి గ్రేడ్ 10, అంటే పదికి పది వచ్చిన ఈ కార్డు 7,38,000 డాలర్లకి అమ్ముడైంది, ఆ వార్త ఆవిడ టీవీలో చూసింది. ఆయన దాన్ని ఎప్పుడో ఒక ఫ్లీ మార్కెట్‌లో, అంటే పాత సామాన్ల సంతలో, కొన్నాడట. ఫ్రేమ్‌లోంచి తీసి చేతిలో పెట్టుకోగానే నాకు అనుమానం వచ్చింది, కానీ అనుమానం మీద మాట్లాడకూడదు కదా. అదృష్టం కొద్దీ ఒక బైండర్‌లో 1986 ఫ్లీర్‌వే మామూలు ఆటగాళ్ళ కార్డులు ఆరు ఉన్నాయి, ఆయన ప్యాకెట్లు కొని చించినవి. ఒకటి తీసి జోర్డన్ పక్కన పెట్టి లూప్‌తో చూశా, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం లాంటిది. అసలు కార్డులో ఫోటో రంగు చుక్కలుగా ఉంటుంది, అక్షరాలు, గీతలు చుక్కల్లేకుండా నిండుగా, అంచు కత్తిరించినట్టు స్పష్టంగా ఉంటాయి. జోర్డన్ కార్డులో పేరు అక్షరాలు కూడా చుక్కలే, అంచులు ముగ్గు చెదిరినట్టు ఉన్నాయి. అంటే ఎవరో అసలు కార్డుని స్కాన్ చేసి మళ్ళీ అచ్చేశారు. నకిలీ పట్టుకోవాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలీదు, అదే సెట్‌లో ఒక చవక కార్డు పక్కన పెట్టుకుని చూడటం.

ఆవిడకి నేను మాటల్లో చెప్పలేదు. లూప్ ఆవిడ చేతికే ఇచ్చి, రెండు కార్డులూ కిటికీ దగ్గర పెట్టి చూడమన్నా. చాలాసేపు చూసింది. "ఇంటికి ఎవరొచ్చినా ఇదే చూపించేవాడు" అంది, అంతే. దాన్ని అమ్మకానికి పెట్టలేదు. రీప్రింట్ అని రాసి రెండు డాలర్లకి అమ్మొచ్చు, చట్టప్రకారం తప్పు కాదేమో, కానీ ఆ స్టిక్కర్ పీకేసి ఇంకొకడికి అసలుదని అంటగట్టడానికి ఒక్క నిమిషం చాలు. మళ్ళీ ఫ్రేమ్‌లో పెట్టి గోడకి తగిలించాం.

గరాజ్ సేల్ ఏప్రిల్‌లో, శనివారం. మా సిటీలో పర్మిట్ తీసుకోవాలి, 10 డాలర్లు. ఏడింటికి అని బోర్డు పెడితే ఆరూ ఇరవైకే రెండు ట్రక్కులు వచ్చి ఆగాయి. వీళ్ళు ప్రతి గరాజ్ సేల్‌కీ తెల్లారేసరికే తిరిగే కార్డు డీలర్లు. "పాత కార్డులేమైనా లోపల ఉన్నాయా" అని అడుగుతారు, మర్యాదగానే. పాతవన్నీ ముందు రాత్రే మా ఇంటికి మార్చేశాం, కాబట్టి లేవనే చెప్పాం. గరాజ్ సేల్‌లో పాతవి పెట్టకండి, అక్కడికి వచ్చేవాళ్ళు గరాజ్ సేల్ రేటే మనసులో పెట్టుకుని వస్తారు, 500 డాలర్ల కార్డు కూడా అక్కడ 100కి పడిపోతుంది.

అక్కడ అమ్మాల్సింది ఆ జంక్ వ్యాక్సే. మేం చేసిన పని ఏంటంటే వాటిని టీముల వారీగా కట్టాం. 25 కార్డుల కవరు ఒక డాలర్, పైన రేంజర్స్, ఆస్ట్రోస్, కౌబాయ్స్ అని రాసి. అదే కార్డులు పెట్టెలో కలిపి ఉంటే ఎవడూ ముట్టుకోడు, టీమ్ పేరు కనపడగానే తాత మనవడికి కొనిపెడతాడు. 140 కవర్లు పోయాయి. పిల్లల బేస్‌బాల్ టీమ్ కోచ్ ఒకాయన 12 కవర్లు ఒకేసారి తీసుకున్నాడు. పావలా డబ్బాలో, అంటే 25 సెంట్లకి ఒకటి, 86 డాలర్లు. ఏరేసిన తర్వాత మిగిలినవి 800 పెట్టె 10 డాలర్ల చొప్పున 11 పెట్టెలు. ఖాళీ బైండర్లు, ప్లాస్టిక్ పేజీలు 50. మొత్తం 386. ఒక్క ఉదయంలో 12 వేల పైచిలుకు కార్డులు కదిలిపోయాయి, నాకు అన్నిటికన్నా తృప్తిగా అనిపించింది ఆ రోజే.

మొదటి షో మే నెలలో, పక్క ఊళ్ళో ఒక హాల్లో, ఒక్కరోజు, టేబుల్ 50 డాలర్లు. 415 వచ్చింది. బారీ శాండర్స్ ఒక్కోటి 35, ఐక్‌మన్ ఒక్కోటి 15, డాలర్ డబ్బా, అంటే ఏది తీసుకున్నా ఒక డాలర్, అది 210, చిల్లరమల్లర 40. ఇక్కడ తప్పు నాదే, పొద్దున తొందరలో సగం కార్డులకి రేటు స్టిక్కర్లు అంటించలేదు. మొదటి రెండు గంటలు జనం వంగి చూడటం, వెళ్ళిపోవడం. రేటు లేకపోతే అడగడానికి మొహమాటపడతారు, అడిగితే మొహం చూసి రేటు చెప్తారేమో అని కూడా అనుమానపడతారు. మా అబ్బాయి కూర్చుని అన్నిటికీ అంటించాక అప్పుడు కదిలింది.

బోణీ మాత్రం వదల్లేదు. ఇక్కడి వాళ్ళకి ఆ మాట తెలీదు కానీ మా నాన్నకి తెనాలిలో చిన్న ఫ్యాన్సీ కొట్టు ఉండేది, మొదటి బేరం లాభం లేకపోయినా వెనక్కి పంపేవారు కాదు. నేనూ అంతే. దానికి ఇంకో లాభం కూడా ఉంది, టేబుల్ దగ్గర ఒక మనిషి డబ్బులు లెక్కపెడుతూ కనపడితే నలుగురు ఆగుతారు.

రయన్, మాంటిల్ కార్డుల్ని మాత్రం ఈలోపు గ్రేడింగ్‌కి పంపాం, అంటే కార్డు అసలుదో కాదో చూసి, కండిషన్‌కి పదికి ఇన్ని అని మార్కులు వేయించడం. ఎస్‌జీసీ అనే కంపెనీకి, షిప్పింగ్‌తో కలిపి రెండింటికీ 60. కొత్త కార్డులకైతే పీఎస్‌ఏ అనే ఇంకో గ్రేడింగ్ కంపెనీ పేరుంటేనే రేటు, పాతవాటికి ఎస్‌జీసీ నల్ల ఫ్రేమ్‌ని ఇష్టపడేవాళ్ళు చాలామంది. రయన్‌కి 3 వచ్చింది, మాంటిల్‌కి 2. తక్కువ గ్రేడే, మేం అనుకున్నదే, కానీ నకిలీ కాదని ముద్ర పడింది, జోర్డన్ అనుభవం తర్వాత దాని విలువ మాకు బాగా తెలుసు. బెంచ్‌కి మడత ఉంది, 40 డాలర్ల కార్డు, దానికి గ్రేడింగ్ ఖర్చు గిట్టదు.

పెద్ద షో ఆగస్టులో, హోటల్ బాల్‌రూమ్, శుక్ర శని ఆదివారాలు, టేబుల్ 175. నేషనల్‌కి, అంటే దేశంలోకెల్లా పెద్ద కార్డ్ షోకి, తీసుకెళ్దామా అని ఆవిడ అడిగింది, ఊరు మారుతూ జరుగుతుంది అది, ఆ ఏడు ఇక్కడికి దగ్గరేమీ కాదు, ఈ సరుకుకి విమానం, హోటల్ ఖర్చులు పెడితే చేతికేం మిగలదు. పైగా రయన్ కార్డుకి టెక్సస్ కన్నా మంచి చోటు ఎక్కడుంది. ఆయన పెరిగింది ఇక్కడి ఆల్విన్‌లో, ఇక్కడ ఆడింది ఆస్ట్రోస్‌కి, తర్వాత రేంజర్స్‌కి. ఏ కార్డు ఏ ఊళ్ళో అమ్ముతున్నాం అనేది ఈబే చూసి చెప్పలేం, టేబుల్ దగ్గరే తెలుస్తుంది. ఈబేలో దాదాపు 13 శాతం ఫీజు పోతుంది కూడా.

ప్రతి మంచి కార్డుకీ నోట్‌బుక్‌లో మూడు అంకెలు రాసుకుంటా, స్టిక్కర్ మీద రేటు, ఇస్తే సంతోషించే రేటు, ఇంతకన్నా దిగను అనే రేటు. మూడోది ముందు రోజే ఆవిడతో మాట్లాడి పెట్టుకున్నది. ఈ అంకెలకి ఆధారం ఈబేలో నిజంగా అమ్ముడైన రేట్లు, అడుగుతున్న రేట్లు కాదు, చివరి ఐదు అమ్మకాలు తీసుకుని అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ వదిలేస్తా. శుక్రవారం టేబుల్ సర్దుకునేటప్పుడే డీలర్లు టార్చ్ లైట్లతో తిరుగుతారు. ఒకాయన పాతవన్నీ కలిపి 700 ఇస్తానన్నాడు. మోసమేమీ కాదు, డీలర్లు 60, 70 శాతానికే కొంటారు, వాళ్ళకీ మిగలాలి కదా. కానీ ఇంకా తలుపులే తెరవలేదు, వద్దన్నాం.

1968, 69 మామూలు కార్డుల్ని మాత్రం టీముల వారీగా కాదు, నంబర్ల వారీగా సర్దాం, వందకొక అట్ట పెట్టి. సెట్ పూర్తి చేసుకునే పెద్దవాళ్ళు చేతిలో కాగితం పట్టుకుని వస్తారు, లేని నంబర్లు పెన్నుతో రాసుకుని. ఒకాయన మా పక్కన కుర్చీ వేసుకుని గంటంబావు కూర్చున్నాడు, 60 కార్డులకి పైగా ఏరుకున్నాడు, ప్రతిదీ తీసి కళ్ళజోడు పైకెత్తి చూసి కాగితం మీద టిక్కు పెట్టి. మడత ఉన్నా పర్లేదు ఆయనకి, నంబరు కావాలి. అలా మూడు రోజుల్లో 190 కార్డులు, 270 డాలర్లు. మిగిలినవి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి ఒక డీలర్‌కి 90కి గంపగుత్తగా ఇచ్చేశాం, ఆ టైమ్‌కి అదే మంచి రేటు.

రయన్ స్టిక్కర్ 525. శనివారం మధ్యాహ్నం ఒకాయన వచ్చి, అరవై దాటి ఉంటాయి, చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. 420 అన్నాడు. నేను 500 అన్నా. ఇక అక్కడ మాట్లాడకూడదు, అవతలివాళ్ళు ఆలోచించుకునేటప్పుడు మనం నోరు తెరిస్తే రేటు మనమే తగ్గించుకున్నట్టు. 1989లో ఆర్లింగ్టన్‌లో రయన్ 5,000వ స్ట్రయికౌట్ తీసిన రాత్రి తను స్టేడియంలో ఉన్నానని చెప్పాడు, రికీ హెండర్సన్ అవుటవగానే పక్కవాళ్ళెవరో తెలియకుండానే కౌగిలించుకున్నాడట. జేబులోంచి నోట్లు తీసి 480 లెక్కపెట్టి పెట్టాడు. మా దిగని రేటు 450. ఇచ్చేశాం. మాంటిల్ 200. బెంచ్ 40, మేస్ 35, క్లెమెంటే 35, ఆరన్ 30, గ్రిఫీలు 60, 45. డాలర్ డబ్బాలు 215. మొత్తం 1,500.

గ్రిఫీ మూడోది పోయింది. అమ్ముడుపోవడం కాదు, పోయింది. ముందు స్టాండ్ మీద పెట్టిన 50 డాలర్ల కార్డు. ఇద్దరు ఒకేసారి వచ్చారు, ఒకరికి చిల్లర ఇవ్వడానికి నేను కిందకి వంగా, మా అబ్బాయి బాత్‌రూమ్‌కి వెళ్ళాడు, లేచి చూస్తే ఖాళీ స్టాండ్. తాళం ఉన్న షోకేస్ పక్కనే ఉంది, అందంగా కనపడుతుందని బయట పెట్టాను. ఆ 50 నా వాటాలోంచి ఆవిడకి కలిపాను. ఇప్పుడు 20 డాలర్లు దాటినవేవీ అద్దం బయట పెట్టను, ఒక్కడినే ఉంటే చిల్లర డబ్బా నడుముకే కట్టుకుంటా.

ఖర్చులు రాస్తే, టేబుళ్ళు 225, కార్డులు దాచే ప్లాస్టిక్ కవర్లు (స్లీవ్‌లు, టాప్ లోడర్లు), కొత్త పెట్టెలు 120, గ్రేడింగ్ 60, పర్మిట్ 10. షోల్లో అమ్మినదానికి సేల్స్ టాక్స్ నా పర్మిట్ మీద కట్టాను, మా దగ్గర 8.25 శాతం, పైన చెప్పినవి అది కలపని రేట్లు. మిగిలిన 1,886లో ఆవిడ వాటా 1,508.80, పోయిన గ్రిఫీ కలిపి 1,558.80. నాకు 327.20. నేను పెట్టిన టైమ్ దాదాపు 70 గంటలు, అంటే గంటకి ఐదు డాలర్లు కూడా పడలేదు, మా అబ్బాయి గంటలు అందులో కలపనే లేదు. కాబట్టి మొదట్లో చెప్పిన ఆ ప్రశ్నకి నా జవాబు ఇదే, కార్డులు మీవే అయితే, కూర్చుని ఏరే ఓపికుంటే డబ్బుంది. వేరేవాళ్ళవి పంచుకుని అమ్మితే జీతంలా గిట్టదు, ఇలాంటి పని మళ్ళీ ఎవరైనా అడిగితే మాత్రం నేను చేస్తాను.

ఒకటి మాత్రం మారుస్తా, ఏరడం మొదలుపెట్టిన రోజే డాలర్ డబ్బా కూడా కట్టడం మొదలుపెడతా. ఈసారి చివర్లో హడావిడిగా చేశాం, మంచివి కొన్ని 10 డాలర్ల పెట్టెల్లోకి వెళ్ళిపోయి ఉంటాయి. ఇంకా 13 వేల దాకా మిగిలాయి, మామూలువే. పిల్లల హాస్పిటల్‌కి కొన్ని, రెండు స్కూళ్ళకి కొన్ని ఇచ్చాం, మళ్ళీ టీముల కవర్లు కట్టే. ఆవిడ లెక్క చూసుకుని నోట్‌బుక్ నాకు తిరిగి ఇచ్చేసి, చెప్పుల డబ్బా మాత్రం ఖాళీదైనా కావాలంది. దాని మూత లోపల ఆయన చిన్నప్పటి రాతలో, పెన్సిల్‌తో, 1968లో తనకి ఇంకా దొరకని కార్డుల నంబర్లున్నాయి.